నగర నడిబొడ్డున చర్చి బడి

ఇంగ్లండులో చర్చి ప్రాథమిక పాఠశాల అనగానే మన ఊళ్ళలోని ఫీజుల కాన్వెంటు గుర్తుకు రాకూడదు. ఇది సర్కారు బడి. టీచర్ల జీతాలు, పుస్తకాలు, కరెంటు బిల్లు ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తాయి, తల్లిదండ్రులు ఒక్క పౌండు కూడా కట్టరు. అయితే స్థలమూ భవనమూ చాలాచోట్ల చర్చి ధర్మనిధి పేరిట ఉంటాయి. పాలకమండలిలో చర్చి నియమించిన సభ్యులుంటారు. రోజుకొకసారి ప్రార్థన సమావేశం జరుగుతుంది. మన ఎయిడెడ్ పాఠశాలల సంగతి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు ప్రాథమిక, ఉన్నత పాఠశాలలు కలిపి సుమారు 4,600 ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలు దాదాపు 10 లక్షల మంది. ఇంగ్లండులోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఇంచుమించు నాలుగోవంతు ఈ చర్చికి చెందినవే. యునైటెడ్ కింగ్‌డమ్ అంతటా ఇదే పరిస్థితి అనుకోకూడదు. స్కాట్లండులో ఈ చర్చికి బడులు లేవు. వేల్స్‌లో ఉన్నవి 1920లో వేరుపడిన చర్చ్ ఇన్ వేల్స్‌వి. చర్చి బడులు పల్లెల్లోనే ఎక్కువ. అయినా ఆసక్తికరమైన కథ మాత్రం లండన్, బర్మింగ్‌హామ్, ఓల్డామ్ వంటి నగరాల ఇరుకు వీధుల్లో, ఏడాదికి ఒకే సెక్షన్‌తో, మొత్తం రెండు వందల పైచిలుకు పిల్లలతో నడిచే చిన్న బడులది. చర్చి ప్రశ్నోత్తరాలు బట్టీ పట్టించడానికి పుట్టిన ఈ సంస్థ ఇవాళ ఏ చర్చికీ పోని ఇళ్ళ పిల్లలకు చదువు చెబుతోంది.

మద్రాసు పాఠం

ఈ బడుల వంశవృక్షంలో మొదటి కొమ్మ మద్రాసులో ఉంది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టిన ఆండ్రూ బెల్ అనే మతగురువు 1787లో మద్రాసు చేరాడు. 1789లో ఎగ్మోరులో ఈస్టిండియా కంపెనీ సైనికుల అనాథ మగపిల్లల కోసం తెరిచిన శరణాలయానికి అతడు అధిపతి అయ్యాడు. ఆ పిల్లల్లో చాలామందికి తండ్రి యూరపువాడు, తల్లి భారతీయురాలు. చదువు సాగడం లేదు, చెప్పే ఉపాధ్యాయులకు మనసు లేదు. ఒకరోజు గుర్రం మీద వెళ్తూ బెల్ ఒక వీధి బడిని చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్ళతో అక్షరాలు దిద్దుతున్నారు. మనవాళ్ళు తరతరాలుగా దిద్దిన గుంట ఓనమాలే అవి. పలకా బలపం, కాగితం, సిరా ఏవీ అక్కర్లేని ఈ పద్ధతి అతడికి గొప్పగా తోచింది.

తన బడిలో ఇసుక పరపించి అలాగే నేర్పమంటే ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే సైనికుడి కొడుకును పిలిచి, చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని అప్పగించాడు. పెద్దలు చేయలేమన్నది పిల్లవాడు చేసి చూపించాడు. క్రమంగా బడి అంతా ఈ దారిలోకి వచ్చింది. వచ్చినవాడు రానివాడికి చెప్పడం, పైన ఒకే ఒక్క గురువు ఉండటం, దెబ్బలు తగ్గించి తప్పులను పుస్తకంలో రాయడం దాని లక్షణాలు. 1796లో బెల్ స్వదేశానికి వెళ్ళి, మరుసటి ఏడాది ఈ ప్రయోగం మీద చిన్న పుస్తకం అచ్చువేశాడు. అదే మద్రాసు పద్ధతిగా పేరుపొందింది.

పద్ధతి ఎవరిది అన్న తగవు ఇప్పటికీ ఉంది. ఇసుక సంగతి భారతీయుల దగ్గర నేర్చుకున్నానని బెల్ ఒప్పుకున్నాడు గానీ, పిల్లల చేత పిల్లలకు చెప్పించడం తన సొంత ఆలోచన అన్నాడు. మన అరుగు బడుల్లో పెద్దపిల్లవాడు చిన్నవాళ్ళకు దిద్దించడం, ఎక్కాలు వల్లెవేయించడం మామూలు వ్యవహారమే కాబట్టి ఆ మాట పూర్తిగా నమ్మడం కష్టం. 18వ శతాబ్దపు దేశీయ విద్య మీద 1983లో వెలువడిన ధరంపాల్ పుస్తకం 'ది బ్యూటిఫుల్ ట్రీ' ఈ విషయంలో మనవాళ్ళ పక్షమే వహించింది.

1798లో లండన్ తూర్పు అంచున ఆల్డ్‌గేట్‌లోని సెయింట్ బొటాల్ఫ్ పారిష్ (ఒక చర్చి పరిధిలోని పేట) ధర్మ పాఠశాల ఈ పద్ధతిని మొదట చేపట్టింది. అదే ఏడాది థేమ్స్ నదికి దక్షిణాన సదక్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే క్వేకరు శాఖ క్రైస్తవుడు ఇలాంటిదే ఇంకో బడి తెరిచాడు. లాంకాస్టర్ బైబిలు చెప్పించాడు గానీ ఏ ఒక్క శాఖ సిద్ధాంతమూ చెప్పనివ్వలేదు. పేదల పిల్లలంతా తమ చేయి జారిపోతారని ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) పెద్దలకు గుబులు పుట్టింది. దాని ఫలితమే 1811 అక్టోబరు 16న ఏర్పడిన నేషనల్ సొసైటీ. అధికార మతశాఖ సూత్రాల ప్రకారం పేదలకు చదువు చెప్పించడం తన పని అని పేరులోనే చాటుకున్న సంస్థ అది. జాషువా వాట్సన్ అనే వర్తకుడు దానికి ముఖ్య సూత్రధారి. కేంద్ర పాఠశాలను హోబర్న్‌లోని బాల్డ్‌విన్స్ గార్డెన్స్‌లో పెట్టారు. ఇవాళ అదే వీధిలో, లెదర్ లేన్ అంగడి పక్కన, సెయింట్ ఆల్బన్స్ అనే చిన్న చర్చి ప్రాథమిక పాఠశాల ఉంది.

మద్రాసు పద్ధతికి అసలు ఆకర్షణ దాని చవకదనం. ఒక్క గురువు జీతంతో వందలమందికి చదువు చెప్పినట్టు లెక్క రాసుకోవచ్చు. లోతుగా ఏమీ అబ్బదని తెలిశాక పద్ధతి మూలపడింది గానీ, దాని కోసం కట్టిన బడులు నిలిచాయి. బెల్ 1832లో చనిపోయేనాటికి ఆ పద్ధతి నడిచే బడులు 12 వేలు దాటాయని చెబుతారు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి అయిన బెల్ తన ఆస్తిలో ఎక్కువ భాగం స్కాట్లండు విద్యకే రాసిచ్చాడు. సెయింట్ ఆండ్రూస్‌లో ఆ డబ్బుతో కట్టిన ఉన్నత పాఠశాల పేరు నేటికీ మద్రాస్ కాలేజే.

భవనం చర్చిది, సొమ్ము సర్కారుది

బ్రిటిష్ పార్లమెంటు చదువు కోసం మొదటిసారి డబ్బు విదిల్చింది 1833లో. ఆ 20,000 పౌండ్లు కూడా నేరుగా ఖర్చుపెట్టక, నేషనల్ సొసైటీకీ లాంకాస్టర్ అనుచరుల సంఘానికీ పంచింది. స్వచ్ఛంద సంస్థ బడి పెడితే సర్కారు గ్రాంటు ఇచ్చి తనిఖీ చేసే ఈ ఏర్పాటే 1854 నాటి వుడ్ విద్యా పత్రంతో భారతదేశానికీ వచ్చింది. మచిలీపట్నంలో ఆంగ్లికన్ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మొదలుపెట్టిన విద్యాలయం వంటివీ, తర్వాతి ఎయిడెడ్ పాఠశాలలన్నీ ఈ సంప్రదాయానికి చుట్టాలే.

1870 నాటి విద్యాచట్టం చర్చి బడులు లేనిచోట స్కూలు బోర్డుల చేత బడులు పెట్టించింది. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ఏ బడిలోనైనా మతపాఠం నుంచి పిల్లవాణ్ణి తప్పించే హక్కు తల్లిదండ్రులకు ఇచ్చింది కూడా ఈ చట్టమే. నేటికీ చెల్లుతున్న ఆ హక్కు లేకపోతే తర్వాతి కథ వేరేగా ఉండేది.

1902 చట్టం చర్చి బడుల రోజువారీ ఖర్చును స్థానిక పన్నులపై వేసింది. ఆంగ్లికన్లు కాని ప్రొటెస్టెంట్లు భగ్గుమన్నారు. ఇతరుల మతపాఠానికి మేం పన్ను కట్టాలా అని బాప్టిస్టు బోధకుడు జాన్ క్లిఫర్డ్ నాయకత్వంలో సహాయ నిరాకరణ సాగించారు. కట్టనివాళ్ళ సామాను జప్తు చేశారు, కొందరు జైలుకూ వెళ్ళారు. దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహం గురించి రాస్తూ గాంధీ ఈ ప్రతిఘటనను ప్రస్తావించి, తన పద్ధతి దానికంటే ఎందుకు వేరో వివరించాడు.

నేటి చట్రం 1944 నాటిది. విద్యామంత్రి ఆర్.ఎ. బట్లర్, ఆర్చిబిషప్ విలియం టెంపుల్ కలిసి కుదిర్చిన రాజీ అది. చర్చి బడులకు అప్పుడు రెండు దారులు చూపారు. కంట్రోల్డ్ బడిలో ఖర్చంతా సర్కారుది. ఉపాధ్యాయుల నియామకం, ప్రవేశాలు స్థానిక సంస్థ చూస్తుంది, మతపాఠం కూడా సాధారణంగా జిల్లా ఉమ్మడి పాఠ్యప్రణాళిక ప్రకారమే సాగుతుంది. ఎయిడెడ్ బడిలో పాలకమండలి ఉపాధ్యాయులను నియమిస్తుంది, ప్రవేశ నియమాలు రాస్తుంది, మతపాఠం నిర్ణయిస్తుంది. బదులుగా భవనాల ఖర్చులో కొంత భరించాలి. ఆ వాటా మొదట సగం ఉండేది, తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు 10 శాతానికి దిగింది. లండన్ నగరంలోని చర్చి బడుల్లో ఎయిడెడ్‌వే ఎక్కువ. 2010 తర్వాత కొన్ని అకాడమీలుగా మారి నేరుగా కేంద్రం నుంచి నిధులు తీసుకుంటున్నాయి. ఈ బడులను వెనక ఉండి చూసుకునేది డయోసిస్ (బిషప్ పరిధి) విద్యామండలి. థేమ్స్‌కు ఉత్తరాన లండన్ డయోసిస్‌ది, దక్షిణాన సదక్ డయోసిస్‌ది.

ఆల్డ్‌గేట్ బడి

నమూనాగా ఒక్క బడిని చూపించమంటే మద్రాసు పద్ధతి అడుగుపెట్టిన ఆ పారిష్‌లోనే వెతకాలి. సర్ జాన్ కాస్ అనే వర్తకుడు, రాజకీయుడు 1710లో సెయింట్ బొటాల్ఫ్ చర్చి ఆవరణలో 50 మంది అబ్బాయిలకు, 40 మంది అమ్మాయిలకు బడి కట్టించాడు. 1718లో రెండో వీలునామా మీద సంతకం చేస్తుండగా రక్తస్రావమై చనిపోయాడనీ, చేతిలోని ఈక కలం ఎర్రబడిందనీ కథ. దానికి గుర్తుగా వ్యవస్థాపక దినాన పిల్లలు ఎర్ర ఈకలు పెట్టుకునేవారు. వీలునామా అసంపూర్తి కావడంతో కోర్టు గొడవలు సాగి, 1748లో గానీ ధర్మనిధి స్థిరపడలేదు. డ్యూక్స్ ప్లేస్‌లోని ప్రస్తుత భవనం 1908 నాటిది.

సిటీ ఆఫ్ లండన్ అనే ఆ చదరపు మైలు బ్యాంకుల సామ్రాజ్యంలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రాథమిక పాఠశాల ఇదొక్కటే. కానీ బ్యాంకర్ల పిల్లలు ఇక్కడ చదవరు. పక్కనే టవర్ హామ్లెట్స్. అక్కడి జనాభాలో 2021 లెక్కల ప్రకారం 39.9 శాతం ముస్లింలు. సిల్హెట్ ప్రాంతం నుంచి వలస వచ్చిన బంగ్లాదేశీ కుటుంబాల పిల్లలు ఈ బడిలో పెద్ద సంఖ్యలో ఉంటూ వచ్చారు.

కాస్ రాయల్ ఆఫ్రికన్ కంపెనీ పాలకవర్గంలో పనిచేసినవాడు. అంటే బడి పుట్టుకకు పెట్టిన సొమ్ము వెనక బానిస వ్యాపారం ఉంది. 2020 వేసవిలో బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహం కూలాక ఈ ప్రశ్న తప్పించుకోలేనిదైంది. ఆ సెప్టెంబరు నుంచి బడి పేరు 'ది ఆల్డ్‌గేట్ స్కూల్'. ధర్మనిధి 2021లో పోర్టల్ ట్రస్ట్‌గా మారింది, కాస్ పేరున్న బిజినెస్ స్కూలు బేయస్ అయింది. దాత పేరు చెరిపి దానం ఉంచుకోవడం ఏం న్యాయమని విమర్శించినవాళ్ళున్నారు. నల్లజాతి పిల్లలూ కూర్చునే తరగతి గది గుమ్మం మీద ఆ పేరు ఉంచడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

లోపల ఏం జరుగుతుంది

చదువు మిగతా సర్కారు బడుల్లో లాంటిదే. 1988 నుంచి జాతీయ పాఠ్యప్రణాళిక ఉంది. ఇయర్ వన్‌లో అక్షర ధ్వనుల పరీక్ష, ఇయర్ సిక్స్‌లో ఇంగ్లీషు, లెక్కల పరీక్షలు ఉంటాయి. తనిఖీ మాత్రం రెండు రకాలు. చదువును ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ చూస్తుంది. బడి చర్చి బడిలా ఉందా లేదా అన్నది సయామ్స్ అనే ఆంగ్లికన్, మెథడిస్టు తనిఖీ చూస్తుంది.

ఇంగ్లండులో ప్రతి ప్రభుత్వ బడిలోనూ రోజూ సామూహిక ఆరాధన ఉండాలని చట్టం చెబుతుంది. చాలా మామూలు బడులు దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తాయి, చర్చి బడులు వదలవు. హాలులో కొవ్వొత్తి వెలిగిస్తారు, బైబిలు కథ చెబుతారు, పాట పాడిస్తారు, వారానికోసారి పారిష్ గురువు వస్తారు. రకరకాల మతాల పిల్లలున్నచోట మాటతీరు జాగ్రత్తగా ఉంటుంది. ఇష్టమైనవారు దీన్ని తమ ప్రార్థనగా చేసుకోండి, లేనివారు మౌనంగా ఆలోచించండి అంటారు. మతపాఠంలో క్రైస్తవానిదే పెద్ద వాటా, అయినా ఇస్లాం, హిందూ, యూదు, సిక్కు మతాలూ వస్తాయి. ఈద్, దీపావళి గురించి మాట్లాడతారు. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం ఏ ఫాతిమాకో దక్కడం ఇలాంటి బడుల్లో వింత కాదు. ఓల్డామ్, బర్మింగ్‌హామ్ వంటి నగరాల్లో కొన్ని చర్చి బడుల్లో పిల్లలు ఇంచుమించు అందరూ ముస్లింలే.

ఇతర మతాల తల్లిదండ్రులు చర్చి బడినే ఎందుకు కోరుకుంటారు? బడి ఇంటికి దగ్గర కావడం మొదటి కారణం. రెండోది, దేవుడి పేరు ఎత్తడానికి సిగ్గుపడని బడి అయితే తమ పిల్లల ఉపవాసాన్నీ బొట్టునూ కూడా వెక్కిరించదన్న నమ్మకం. అది ప్రతిచోటా నిజం కాకపోవచ్చు గానీ, మతం లేని బడి కంటే పరాయి మతం బడి నయమనే ఈ లెక్క మనకు అర్థం కానిదేం కాదు. మన ఊళ్ళలో మిషన్ బడికి హిందువుల పిల్లలు వెళ్ళిన తీరు కూడా ఇంతే.

భాష ఇంకో లోకం. లోపలి లండన్ ప్రాథమిక పాఠశాలల్లో సగానికి పైగా పిల్లల ఇంటిభాష ఇంగ్లీషు కాదు. సిల్హెటీ, సోమాలీ, యోరుబా, పోర్చుగీసు, అరబిక్ ఒకే బల్ల దగ్గర వినిపిస్తాయి. ఏడాది మధ్యలో ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండా వచ్చి చేరే పిల్లలుంటారు. తాత్కాలిక వసతి దొరికిన ఊరికి కుటుంబం మారితే మధ్యలోనే వెళ్ళిపోయే పిల్లలూ ఉంటారు. 2014 నుంచి ఇంగ్లండులో మొదటి మూడు తరగతులకు మధ్యాహ్న భోజనం ఉచితం. లండన్‌లో 2023 సెప్టెంబరు నుంచి మేయరు నిధులతో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అన్ని తరగతులకూ పెడుతున్నారు.

నగరపు పేదరికం చర్చికి కొత్త సంగతి కాదు. ఆర్చిబిషప్ రాబర్ట్ రన్సీ వేసిన సంఘం 1985లో 'ఫెయిత్ ఇన్ ది సిటీ' అనే నివేదిక ఇచ్చింది. నగరాల పేదవాడలను ప్రభుత్వమూ, చర్చి కూడా గాలికొదిలేశాయని అది తేల్చింది. థాచర్ మంత్రివర్గం వైపు నుంచి మార్క్సిస్టు రాతలన్న విసురు వచ్చింది.

ఎవరికి సీటు

అసలు వివాదం ప్రవేశాల దగ్గరే. ఎయిడెడ్ బడికి దరఖాస్తులు సీట్లకంటే ఎక్కువ వస్తే, చర్చికి క్రమంగా వచ్చే కుటుంబాల పిల్లలకు ముందు చోటిచ్చే వీలు ఉంది. మంచి పేరున్న బడి పక్కన కొందరు తల్లిదండ్రులకు పిల్లవాడు పుట్టగానే హఠాత్తుగా భక్తి పుట్టుకొస్తుంది, సీటు దొరికాక తగ్గిపోతుంది. వికార్ (పారిష్ గురువు) సంతకం చేసిన హాజరు పత్రానికి అంత విలువ! పన్ను అందరిదీ, సీటు కొందరిదా అని హేతువాద సంఘాలు అడుగుతున్నాయి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 46.2 శాతమే. మొదటిసారి సగానికి తగ్గారు. ఆ ప్రశ్నకు బలం పెరుగుతోంది.

జవాబు ఒక్కటే ఉండదు. దక్షిణ లండన్‌లోని పెకమ్, కాంబర్‌వెల్ వైపు ఆదివారం చర్చి బెంచీలు నింపేది చాలావరకు నైజీరియా, ఘనా, కరీబియన్ మూలాల కుటుంబాలు. అక్కడ చర్చి హాజరు నియమం వాళ్ళకే ఉపకరిస్తుంది. అదే నియమం ధనికుల పేటలో చదువుకున్న తెల్లవాళ్ళకు కంచెగా పనిచేస్తుంది. లార్డ్ డీరింగ్ నాయకత్వంలో 2001లో వచ్చిన నివేదిక చర్చి బడి తన విశ్వాసం దాచుకోకూడదని, తలుపులూ మూసుకోకూడదని చెప్పింది. 2006లో చర్చి, కొత్తగా పెట్టే బడుల్లో కనీసం పావువంతు సీట్లు విశ్వాసంతో పనిలేకుండా ఇస్తామంది. మతం అడగకుండా దగ్గరి ఇళ్ళ పిల్లలనే చేర్చుకునే ఆంగ్లికన్ బడులు ఎన్నో ఉన్నాయి. పారిష్ అంటే చర్చికి వచ్చేవాళ్ళు మాత్రమే కాదు, ఆ హద్దుల్లో కాపురముండే ప్రతివాడూ అన్నది ఆంగ్లికన్ల పాత సిద్ధాంతం. సర్కారు సొమ్ము తింటున్న బడికి ఆ సిద్ధాంతమే తగినది, హాజరు పత్రం కాదు.

ఖాళీ అవుతున్న తరగతులు

ఇప్పుడు ఈ బడుల ప్రాణం మీదికి వచ్చింది మతం వల్ల కాదు. లోపలి లండన్‌లో జననాలు తగ్గాయి, అద్దెలు భరించలేక చిన్న పిల్లలున్న కుటుంబాలు ఊరి బయటికి పోతున్నాయి, బ్రెగ్జిట్, కరోనా తర్వాత వెళ్ళిపోయినవాళ్ళు మరికొందరు. నిధులు తల లెక్కన వస్తాయి. చిన్న తరగతుల్లో గరిష్ఠం 30 మంది. 30 చోట 20 మందే చేరితే రాబడిలో మూడోవంతు పోతుంది, టీచరు జీతం, గది ఖర్చు మాత్రం పైసా తగ్గవు. నాలుగు సెక్షన్ల బడి అయితే ఒకటి మూసేసి నెట్టుకొస్తుంది. ఒక్క సెక్షన్ బడికి మూయడానికి ఇంకో సెక్షన్ లేదు. పేద పిల్లలకు 2011 నుంచి ఇస్తున్న అదనపు గ్రాంటు, 2024-25లో తలకు 1,480 పౌండ్లు, కొంత ఆదుకుంటుంది గానీ లోటు పూడ్చదు.

లండన్‌లోని హ్యాక్నీలో 2024 వేసవిలో డి బోవార్, రాండల్ క్రీమర్ అనే రెండు మామూలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు మూతపడ్డాయి. 1685లో పుట్టి, తర్వాత లాంబెత్‌లో నడిచిన ఆర్చిబిషప్ టెనిసన్స్ అనే చర్చి ఉన్నత పాఠశాల 2023లోనే మూతపడింది. ఇద్దరు ముగ్గురు హెడ్మాస్టర్ల పని ఒకరే చూసేలా రెండు మూడు బడులను కలిపేయడం, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టడం ఇప్పుడు సాధారణమైంది. పిల్లలు తగ్గినప్పుడు బడులు తగ్గడం తప్పదు. కానీ ఏది మూయాలో ఖాతాపుస్తకం ఒక్కటే నిర్ణయిస్తే, ముందుగా పోయేవి ఎప్పుడూ చిన్నవే.

తెలుగు కుటుంబాలకు ఒక మాట

ఉద్యోగ వీసాల మీద వచ్చే తెలుగువాళ్ళకు ఈ బడుల విషయంలో రెండు అపోహలు ఉంటాయి. చర్చి బడి కాబట్టి క్రైస్తవులకే అనేది ఒకటి, వీసా మీద ఉన్నవాళ్ళకు సర్కారు బడి వర్తించదనేది రెండోది. రెండూ తప్పు. ప్రభుత్వ సహాయం పొందరాదన్న షరతు వీసా మీద ఉన్నా, పిల్లల బడి చదువు ఆ సహాయాల జాబితాలోకి రాదు. సీటు ఖాళీగా ఉంటే మతం కారణంగా కాదనే వీలు చర్చి బడికి లేదు. ప్రార్థన, మతపాఠం వద్దనుకుంటే కారణం చెప్పకుండానే ప్రధానోపాధ్యాయుడికి తెలియజేసి పిల్లల్ని తప్పించవచ్చు. ఎయిడెడ్ బడుల ప్రవేశ నియమాలు దేనికవే వేరు కాబట్టి ముందుగా చదవాలి. కొన్నిటికి మామూలు దరఖాస్తుతో పాటు బడి సొంత ఫారం కూడా నింపాలి. బడిలో మొదటిదైన రిసెప్షన్ తరగతికి దరఖాస్తు గడువు జనవరి 15, ఏ బడిలో సీటు వచ్చిందో ఏప్రిల్ 16న తెలుస్తుంది.